సాన్ బ్లాస్ వేలికి తాళంచెవి

పాసో ఇతా,
24 నవంబరు 1997

డాక్టరమ్మ జునిల్దాకి,

నీ పెద్దమ్మ ఒబ్దూలియా సగం కోపంతో, మొత్తం ప్రేమతో దీవించి రాస్తున్న ఉత్తరం.

బస్సు డ్రైవరు క్రెసెన్సియో చేతికి ఒక మూట చిపా జున్ను రొట్టెలు, ఒక సీసా జామపండ్ల మిఠాయి ఇచ్చాను. దారిలో అతను రెండు చిపాలు తింటాడు, అది అతని హక్కు. మూడోది తిన్నట్టు అనుమానం వస్తే నాకు రాయి, నేను చూసుకుంటాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్ బూతులో కూర్చునే పిల్ల మనం మాట్లాడుకున్నది మనకన్నా ముందే ఊరికి చేరవేస్తుంది. పోయినసారి నీతో నా మలబద్ధకం గురించి చెప్పుకున్నాను కదా, ఆదివారం పూజ అయ్యేసరికి ముగ్గురు ఆడవాళ్ళు బొప్పాయిలు పట్టుకుని గుడి మెట్ల మీద నిలబడి ఉన్నారు. అందుకని ఉత్తరమే నయం.

విషయానికొస్తాను. ఫిబ్రవరి మూడున సాన్ బ్లాస్ పండగ. గొంతులు కాచే స్వామి మన ఊళ్ళో వెలిశాడు కాబట్టి మన పిల్లల్లా చుట్టుపక్కల ఎవరూ పాడకూడదు. అందుకే కదా ఏటా జనవరి మొదటి ఆదివారం పాటల పిల్లలందరికీ నా మందుల షాపులో పెన్సిలిన్ వేస్తాను. పాట సూది అంటేగాని తల్లులకి తెలియదు. నువ్వూ వేయించుకున్నావు. వేయించుకుని నా చెయ్యి కొరికావు. ఈ ఏడాది సూది మందు సీసాలు ఎక్కడా దొరకడం లేదు. అలమరాలో బిళ్ళలు, సిరప్పులు ఉన్నాయి గాని, బిళ్ళ మింగితే పాట ఎలా వస్తుందని తల్లులు నా ప్రాణం తీస్తున్నారు. మీ పిల్లల ఆసుపత్రిలో సీసాలు కుప్పలుగా ఉంటాయట కదా. ఒక పెట్టె పంపు.

ఇంకో సంగతి. ఈసారి ఒంటరిగా నిలబడి పాడేది మన ఇడాలినా. దాని నాన్న, అదే నా కొడుకు, మీ అన్నయ్య రుఫీనో గొంతు నీకు తెలుసు, ఎద్దు కూడా సిగ్గుపడుతుంది. వాడి కడుపున ఇంత చక్కని గొంతు ఎలా పుట్టిందో అని ఊరంతా ఆశ్చర్యపోతోంది. నాకు ఆశ్చర్యం లేదు. ఆ పిల్లది నీ తల్లి డెల్ఫీనా ముఖం, డెల్ఫీనా గొంతు. అందుకే నా భయం. నా చెల్లెలికి సరిగ్గా ఈ వయసులోనే గొంతు నొప్పి వచ్చింది. నిమ్మరసం పట్టించారు, తగ్గిందనుకున్నాం. తర్వాత మోకాళ్ళు వాచాయి. ఆ తర్వాత గుండె చెడింది. పెద్దయ్యాక ఆ గుండెతోనే నిన్ను కని, నీకు ఊహ తెలిసీ తెలియని వయసులో నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆనాడు ఒక్క సూది పడి ఉంటే నీకు తల్లి ఉండేది, నాకు చెల్లెలు ఉండేది. అప్పట్నుంచి ఈ ఊళ్ళో ఎవరు ఆవలించినా నేను నోట్లో ఒక బిళ్ళ వేస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

మేయరు దోన్ పోర్ఫిరియో పందెంకోడికి గొంతు బొంగురుపోయింది. దానికీ సగం బిళ్ళ వేశాను. ఇప్పుడు బాగానే కూస్తోంది, కాకపోతే మధ్యాహ్నం కూస్తోంది.

పెట్టె సంగతి మర్చిపోకు.

నిన్ను పెంచి, నీ చేత కొరికించుకున్న
ఒబ్దూలియా పెద్దమ్మ


అసున్సియోన్,
5 డిసెంబరు 1997

పెద్దమ్మ చేతికి, దాని మీది పంటి గుర్తులకి నమస్కారాలు.

చిపాలు అందాయి. క్రెసెన్సియో మూడు తిన్నాడు. నాలుగోది నా ముందే తిన్నాడు, వద్దనలేకపోయాను.

పెట్టె పంపడం లేదు. తిట్టే ముందు చివరిదాకా చదువు.

పిల్లలకి వచ్చే గొంతు నొప్పుల్లో చాలావాటికి కారణం వైరస్. దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం, గొంతు బొంగురుపోవడం, ఇవి ఉంటే మామూలుగా ఆ బాపతే. దానికి పెన్సిలిన్ ఇచ్చినా, బెల్లం ముక్క ఇచ్చినా ఒకటే. కొద్ది రోజుల్లో దానంతట అదే పోతుంది. అలాంటి వాళ్ళకి మందు ఇవ్వకు.

ఇంకో రకం ఉంది. స్ట్రెప్ అనే సూక్ష్మక్రిమి. అమ్మని తీసుకుపోయింది అదే. ఉన్నట్టుండి జ్వరం, గుటక పడనంత నొప్పి, మెడ కింద బిళ్ళలు కట్టడం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, ఇవి కనిపిస్తాయి. దగ్గు మాత్రం ఉండదు. అప్పుడు కూడా కంటితో చూసి తేల్చేయకూడదు, ఇన్నేళ్ళు చదువుకున్న మేమే మోసపోతాం. దూది పుల్లతో గొంతు వెనక తాకించి పరీక్ష చెయ్యాలి. పరీక్ష పట్టీ మీద ఒక్క గీత వస్తే క్రిమి లేనట్టు, రెండు గీతలు వస్తే ఉన్నట్టు, అప్పుడే మందు ఇవ్వాలి, అదీ పూర్తిగా పది రోజులు.

నీ పాట సూది సంగతి. గుండె ఒకసారి దెబ్బతిన్న వాళ్ళకి అది మళ్ళీ రాకుండా మేము నెలనెలా వేస్తాం. గుండ్రాయిలా ఉన్న పిల్లలకి వేస్తే పిర్ర నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. ఏ కొన్ని వేలమందిలోనో ఒకరికి అది పడక ఊపిరాడకుండా పోతుంది. పైగా అక్కర్లేకుండా మందులు వాడుతూ పోతే ఒంట్లో ఉన్న మిగతా క్రిములు వాటికి అలవాటుపడి మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఏ మందూ పనిచెయ్యదు.

మీ ఆరోగ్య కేంద్రానికి డాక్టరు అమావాస్యకో పున్నానికో వస్తాడని తెలుసు. అందుకని మా వార్డుకి ఎవరో దానమిచ్చిన పరీక్ష పొట్లాలు ఒక డబ్బా పంపుతున్నాను. ఎలా చెయ్యాలో లోపల బొమ్మలు ఉన్నాయి. అవసరమైన పిల్లలకే చెయ్యి. రెండు గీతలు వస్తే నాకు కబురు పెట్టు, మందు చీటీ బస్సులో పంపుతాను.

కోడికి ఇంకేమీ ఇవ్వకు.

నీ
జునిల్దా


పాసో ఇతా,
22 డిసెంబరు 1997

నా తల్లీ, నా డాక్టరూ,

నీ డబ్బా వచ్చి ఊరిని తలకిందులు చేసింది. క్రిస్మస్ దగ్గరికొచ్చినా ఎవరికీ పట్టడం లేదు.

నువ్వు చెప్పినట్టే పాట సూది రద్దు చేశాను. తల్లులు ఊరుకుంటారా. ఏదో ఒకటి గొంతులో పడనిదే పిల్లని ఇంటికి తీసుకెళ్ళేది లేదని కూర్చున్నారు. అప్పుడు నీ దూది పుల్లలు గుర్తొచ్చాయి. నొప్పి లేదు, రాజధాని నుంచి వచ్చింది, పైగా డాక్టరు పంపింది. పాటల పిల్లలందరికీ పెట్టాను. పిల్లలకి పెట్టి మాకు పెట్టవా అని తల్లులు నోళ్ళు తెరిచారు. తల్లుల వెనక మేయరు వచ్చాడు. మేయరు వస్తే కోడి రాకుండా ఉంటుందా. కోడి నోరు తెరిపించడానికి ముగ్గురం పట్టాం. దానికి ఒక్క గీతే వచ్చింది. ఆ పరీక్ష పట్టీకి అద్దం కట్టించి మేయరు తన ఆఫీసులో గోడకి తగిలించుకున్నాడు.

అసలు పిడుగు ఏమిటంటే, ఫాదర్ వెన్సెస్లావోకి రెండు గీతలు వచ్చాయి.

మనిషి మొన్న ఆదివారం ఒక కోడిని ఒంటరిగా తిన్నవాడు. రెండు గీతలు చూసిన దగ్గర్నుంచి మంచం దిగడం లేదు. వీలునామా రాశాడు, సైకిలు నాకు రాశాడు. అందుకని నేనూ మరీ తొందరపడటం లేదు.

పాటల మాస్టారుకి రెండు గీతలు. ఆయన వాయించే హార్ప్ ఎవరూ ముట్టుకోవడం లేదు. గుళ్ళో ఇప్పుడు ఒక గీత వాళ్ళు కుడివైపు బెంచీల మీద, రెండు గీతల వాళ్ళు ఎడమవైపు కూర్చుంటున్నారు. ఎర్ర రుమాలు పార్టీ, నీలం రుమాలు పార్టీ అని మనకి ముందే రెండున్నాయి. ఒక్కోదానిలోనూ రెండు రకాల వాళ్ళు తేలేసరికి మొత్తం నాలుగయ్యాయి. నిన్న బావి దగ్గర సొంత అక్కచెల్లెళ్ళే కొట్టుకున్నారు.

మన ఇడాలినాకి ఒక్కటే గీత. నేను గుడికెళ్ళి కొవ్వొత్తి వెలిగించాను.

నీ డబ్బా ఖాళీ అయిపోయింది. ఇంకోటి పంపు. రెండు గీతల వాళ్ళందరికీ మందు చీటీలు కూడా పంపు. ఒక్క ఫాదర్‌ది మాత్రం కాస్త నిదానంగా పంపినా ఫరవాలేదు.

ఆసుపత్రి గుమస్తాలా రాసి రాసి వేళ్ళు నొప్పెట్టిన
పెద్దమ్మ


అసున్సియోన్,
4 జనవరి 1998

పెద్దమ్మా,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివాను. నర్సులు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఆ డబ్బా ఏడాది రావాలి. ఒక మధ్యాహ్నంలో ఊదేశావు, అందులో ఒకటి కోడికి.

ఫాదర్‌కి జబ్బు లేదు. పాటల మాస్టారుకీ లేదు. కొంతమంది గొంతులో ఆ క్రిమి అద్దెకుంటుంది. ఇంటి వాళ్ళని ఏమీ అనదు, గోల చెయ్యదు. పరీక్ష చేస్తే మాత్రం రెండు గీతలు చూపిస్తుంది. ఒంట్లో ఏ బాధా లేనివాళ్ళకి అసలు పరీక్షే చెయ్యకూడదనేది అందుకే. వాళ్ళెవరికీ మందు అక్కర్లేదు. బెంచీలు కలిపేయమను. హార్ప్ వాయించుకోమను. ఫాదర్‌ని లేచి సైకిలు తొక్కుకోమను. అది నీకు రాలేదని బాధపడకు.

నువ్వు ఇప్పటికే ఎవరెవరికి ఏమేం మింగించావో నేను అడగను, అడిగితే నాకు నిద్రపట్టదు. ఇక నుంచి మాత్రం ఆ అలమరాకి తాళం వెయ్యి. నా చీటీ లేకుండా తియ్యకు. తాళంచెవి నీ దగ్గరుంటే ఎవరో ఒక తల్లి ఏడుస్తుంది, నువ్వు కరిగిపోతావు, నీ సంగతి నాకు తెలియదా. ఏడుపులకీ, లంచాలకీ, బంధుత్వాలకీ లొంగనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేతికివ్వు.

కోపంగా రాశాననుకోకు. కోపంగానే రాశాను.

జునిల్దా


పాసో ఇతా,
14 జనవరి 1998

కోపిష్టి డాక్టరమ్మకి,

చెప్పినవన్నీ చేశాను. ఇక నన్ను మెచ్చుకోవడమే తరువాయి.

ఫాదర్ లేచాడు. ఆరోగ్యంగా ఉన్నావని చెప్పగానే ముందు నమ్మలేదు, తర్వాత సైకిలు ఎక్కి ఊరు మూడుసార్లు చుట్టాడు. వీలునామా చించేశాడు. పోనీలే.

తాళంచెవి సంగతి విను. ఏడుపులకి, లంచాలకి, బంధుత్వాలకి లొంగనివాళ్ళ కోసం ఊరంతా గాలించాను. మేయరు లంచానికి లొంగుతాడు. ఫాదర్ ఏడుపుకి లొంగుతాడు. మిగతావాళ్ళందరూ నాకు బంధువులే. చివరికి అలాంటివాడు ఒక్కడే దొరికాడు. సాన్ బ్లాస్ స్వామి. గూట్లో చెయ్యెత్తి దీవిస్తూ నిలబడి ఉంటాడు కదా, ఆ ఎత్తిన వేలికి తగిలించాం. స్వామిని ముట్టుకునే అర్హత ఆ ఏటి పండగ పెద్దకే. అది కూడా పండగ ముందు రోజు బట్టలు మార్చేటప్పుడే. ఈ ఏటి పెద్ద దోన్ తౌరీనో. తాళంచెవి కోసం ఒక్కసారికి అనుమతి ఇస్తూ ఫాదర్ పూజలో ప్రకటించాడు. తౌరీనో నిచ్చెన ఎక్కి తగిలించాడు, అందరం పాట పాడాం. ఇక పండగ దాకా ఆ అలమరా తియ్యడం నా తాత తరం కూడా కాదు.

నీ మొదటి ఉత్తరంలో దగ్గు ముక్క ఉంది కదా, దగ్గు, ముక్కు కారడం ఉంటే మందు ఇవ్వకు అని. అది కత్తిరించి, కర్రపెండలం జిగురు కాచి షాపు గోడకి అంటించాను. కాగితం వెనకవైపు కూడా ఏదో రాశావు, అది ఇప్పుడు గోడ చదువుకోవాలి. ఎవరైనా మందు అడిగితే వేలితో చూపిస్తున్నాను. కొత్త సంవత్సరం తర్వాత ఊరంతా దగ్గింది. తేనె, నిమ్మకాయ ఇచ్చి పంపాను. నాలుగు రోజుల్లో అందరికీ తగ్గిపోయింది. సంతోషంగానే ఉంది గాని, ఒక పక్క ఉక్రోషంగా కూడా ఉంది. అంటే ఇన్నేళ్ళూ నా హస్తవాసి అనుకున్నదంతా ఏమిటన్నమాట?

ఇడాలినా మొన్నట్నుంచి కాస్త నలతగా ఉంది. ఉన్నట్టుండి ఒళ్ళు కాలింది. మొక్కజొన్న కండె మింగినట్టు ఉంది నాయనమ్మా అంటోంది. మెడ కింద రెండు పక్కలా తడిమితే బిళ్ళలు తగులుతున్నాయి. అయినా ఒక్క దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. నువ్వు రాసిన గుర్తుల్లో ఒక్కటీ లేదు. గోడ మీద రెండుసార్లు చదివి చూసుకున్నాను. దాని తల్లి సెల్వా కంగారుపడుతుంటే నేనే కూర్చోబెట్టి కాగితం చూపించాను. నీ పుణ్యమా అని ఈ వయసులో నాకు జబ్బులు పోల్చడం వచ్చింది.

చదువుకున్న కూతుర్ని పెంచినందుకు గర్వపడుతున్న
పెద్దమ్మ


అసున్సియోన్,
15 జనవరి 1998

పెద్దమ్మా,

దగ్గు లేకపోవడమే నా భయం. గోడకి అంటించిన కాగితం వెనకవైపు ఉన్నది ఇదే. జ్వరం, గుటక పడకపోవడం, మెడ కింద బిళ్ళలు, దగ్గు లేకపోవడం. ఇది అమ్మకి వచ్చిన గొంతు నొప్పి లాంటిది.

బూతుకి ఫోన్ చేశాను, గాలివానకి లైను తెగిందన్నారు. శనివారం దాకా వార్డులో నేనొక్కదాన్నే ఉన్నాను, వదిలి వస్తే ఇక్కడి పిల్లలకి దిక్కులేదు. అందుకే క్రెసెన్సియోకి ఈ ఉత్తరం, ఒక్క పరీక్ష పొట్లం ఇస్తున్నాను. ఎక్కడా ఆగనని ఒట్టు పెట్టించుకున్నాను.

దాని గొంతు వెనక, టాన్సిల్స్ మీద దూది పుల్ల తాకించి పరీక్ష చెయ్యి. రెండు గీతలు వస్తే వెంటనే సిరప్పు మొదలుపెట్టు. మందు చీటీ, ఎంత పొయ్యాలో, ఎన్నిసార్లో వేరే కాగితం మీద రాశాను, ఒకవైపే రాశాను. భయపడకు, ఇంకా ఆలస్యం కాలేదు. గొంతు నొప్పి మొదలైన వారంలోపు మందు పడితే అది గుండె దాకా పోదు. వారంలోపు అని రాశాను గాని, ఈరోజే పడాలి.

తాళంచెవి తీసుకో. స్వామికి నా తరఫున క్షమాపణ చెప్పు, ముందు తీసుకుని తర్వాత చెప్పు.

జునిల్దా


పాసో ఇతా,
19 జనవరి 1998

జునిల్దా తల్లీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కూడదీసుకుని చదువుకో. ముందు మంచి మాట. పిల్లకి జ్వరం తగ్గింది. నిన్న చిపా అడిగి తిన్నది.

క్రెసెన్సియో నిజంగానే ఎక్కడా ఆగలేదట. దారిలో దిగాల్సిన వాళ్ళంతా మన ఊళ్ళో దిగి, నీ ఉత్తరంలో ఏముందో తెలిసిందాకా కదల్లేదు. పరీక్ష చేశాను. రెండు గీతలు వచ్చాయి. ఈ నెల రోజుల్లో ఎన్ని రెండు గీతలు చూశానో, చూసి ఎంత నవ్వానో. ఇది చూసి మాత్రం ఆ పట్టీ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. నా చేతులారా డెల్ఫీనాని రెండోసారి పోగొట్టుకుంటున్నాననిపించింది.

తౌరీనో కోసం పరుగెత్తాను. అతను నదికి చేపల వేటకి వెళ్ళాడట, ఎప్పుడొస్తాడో భార్యకే తెలియదు. మేయరు దగ్గరికి వెళ్ళాను. సభ పెట్టి తీర్మానం చేద్దామన్నాడు. సభ్యులు వచ్చారు గాని ఒక గీత, రెండు గీతల గొడవలో సగం మంది ఎదురెదురు కూర్చునేది లేదన్నారు. ఫాదర్‌ని అడిగాను. తాళంచెవి స్వామిది, అలమరా నీది, నియమం ఊరిది, నేనెవరి పక్షం మాట్లాడను అని తల పట్టుకున్నాడు. రుఫీనో గొడ్డలి తెచ్చి అలమరా మీద వేశాడు. మా నాన్న కెబ్రాచో కర్రతో చేయించిన అలమరా అది, గొడ్డళ్ళు విరిచే చెట్టని దానికి ఊరికే పేరు రాలేదు. గొడ్డలి విరిగింది, అలమరా పాలిష్ మాత్రం కొంచెం పోయింది.

అప్పుడు నేనే నిచ్చెన తెప్పించి గుళ్ళో వేశాను. పండగ సంఘం ఆడవాళ్ళు ఆరుగురు నా పావడా పట్టుకుని కిందికి లాగారు. అలా లాగించుకుంటూనే ఎక్కాను. స్వామి ముఖానికి ఎదురుగా నా ముఖం వచ్చింది. ఇంత దగ్గరగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన కళ్ళు రంగు పెచ్చులూడి ఉన్నాయి.

"గొంతులు చూసుకోవడం నీ పని. మా చెల్లెలప్పుడు చూసుకోలేదు. ఇప్పుడు దిగిరాకపోతే పోనీ, అడ్డం మాత్రం రాకు."

అన్నాను గాని, అన్నాక లెంపలేసుకున్నాను. కిందివాళ్ళు నా పావడా వదిలేశారు. తాళంచెవి లాగితే రాలేదు. వానలకి కర్ర ఉబ్బి బిగుసుకుపోయింది. ఇంకోసారి గట్టిగా లాగాను. వేలుతో సహా వచ్చేసింది.

కింద అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఒకావిడ మూర్ఛపోయింది. ఫాదర్ నిచ్చెన దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు, "దిగమ్మా ఒబ్దూలియా, ముందు పిల్లకి మందు పొయ్యి. వేలు సంగతి నేను స్వామితో మాట్లాడతాను." ఆ మాటకి ఆయనకి నేను ఏమిచ్చినా తక్కువే.

సిరప్పు నీ చీటీ ప్రకారం పోశాను. రెండో రోజుకి ఒళ్ళు చల్లబడింది. ఇప్పుడు సెల్వా ఏమంటుందంటే, పిల్లకి తగ్గింది కదా, మిగిలిన మందు పారబొయ్యడమెందుకు, పాటల పిల్లలకి తలా ఒక చెంచా పోస్తే పండగకి గొంతులు బాగుంటాయి అని. నీకు అబద్ధం చెప్పను, నాకూ ఆ మాట నచ్చింది. చెంచా కూడా చేతిలోకి తీసుకున్నాను. కాని నీ ఉత్తరాలు గోడ మీద అంటించి చదివితే ఏమవుతుందో చూశాను కాబట్టి ఈసారి అడిగి చేద్దామని రాస్తున్నాను.

ఆ వేలు నా దగ్గరే ఉంది, దూదిలో చుట్టిపెట్టాను.

పెద్దమ్మ


అసున్సియోన్,
22 జనవరి 1998

నిచ్చెనెక్కిన పెద్దమ్మకి,

ఉత్తరం చదివి నవ్వాను. మళ్ళీ చదివి, నిన్ను పావడా పట్టి లాగారన్న చోట ఏడ్చాను.

ఒక్క చెంచా కూడా ఎవరికీ పొయ్యకు. జ్వరం తగ్గిందంటే క్రిములు చాలావరకు పోయాయని, పూర్తిగా పోయాయని కాదు. అమ్మకి కూడా గొంతు తగ్గింది కదా, తగ్గిందనే కదా అందరూ ఊరుకున్నారు. సీసా అయిపోతే ఇంకోటి తీసి పది రోజులూ నిండా పొయ్యి. ఆఖరి రోజు దాకా చెంచా నీ చేతుల్లోనే ఉండాలి, సెల్వాకి ఇవ్వకు. మొదటి రోజు మందు పడ్డాక పిల్ల వల్ల ఇంకొకరికి అంటుకునే ప్రమాదం కూడా పోయింది, ఓపిక ఉంటే పాటకి వెళ్ళనివ్వు. మిగతా పిల్లలకి ఎవరికైనా అదే రకం జ్వరం, నొప్పి వస్తే నాకు కబురు పెట్టు. రాకపోతే వాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యి.

ఇదంతా నేర్పే వంకతో నీ చేత అలమరాకి తాళం వేయించింది నేనే, తప్పు నాది. ఉత్తరాల్లో చెప్పే విషయం కాదిది. ఇక మీదట ప్రతి నెలా ఒక ఆదివారం వచ్చి నీ షాపులో కూర్చుంటాను. మా పెద్ద డాక్టర్ని అడిగి ఒప్పించాను.

పండగకి వస్తాను. ఆ పిల్ల గుండె నేనే వినాలి. గుండె పట్టేదైతే రెండు మూడు వారాలకి తెలుస్తుంది. మందు వేళకి పడింది, ఏమీ కాదని నాకు తెలుసు. పుస్తకం తీసి మళ్ళీ చూసుకున్నాను కూడా. అయినా భయంగానే ఉంది పెద్దమ్మా.

నీ
జునిల్దా


అసున్సియోన్,
8 ఫిబ్రవరి 1998

అందరికన్నా గట్టిగా పాడిన మా పెద్దమ్మకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిన మూటలో సగం క్రెసెన్సియోకే ఇచ్చేశాను, ఒట్టు నిలబెట్టుకున్నవాడు.

ఇక్కడ వార్డులో పండగ గురించి చెబితే ఎవరూ నమ్మడం లేదు. వేలికి గాజుగుడ్డ కట్టు కట్టుకుని ఊరేగిన స్వామిని ఎవరు మాత్రం నమ్ముతారు. జిగురు ఆరలేదని కట్టు కట్టావు సరే, ఊరేగింపు అయ్యాక తల్లులంతా పిల్లల వేళ్ళకి అలాంటి కట్టే కట్టమని నీ షాపు ముందు బారులు తీరారు చూడు. కట్టు నువ్వు, వద్దనను. గాజుగుడ్డ కట్టినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు.

ఇడాలినా పాట గురించి నేను రాయలేను. నువ్వు విన్నావు కదా.

ఆ సాయంత్రం సంగతి మాత్రం నీకు చెప్పాలి. నేను స్టెతస్కోపు పెట్టి ఎంతకీ తియ్యకపోయేసరికి నువ్వు గోడ పట్టుకుని నిలబడ్డావు. నేను బాగుందన్నాను. అంటూనే ఏడ్చాను. నువ్వు నమ్మలేదు, నేను బస్సెక్కేదాకా నా ముఖంలో అబద్ధం వెతుకుతూనే ఉన్నావు. సెల్వా ఎదురుగా కారణం చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నప్పుడు నేను అమ్మ రొమ్ము మీద చెవి పెట్టి పడుకునేదాన్ని. ప్రతి కొట్టుకోవడం వెనకా సుయ్‌మని ఒక సవ్వడి ఉండేది. తల్లులందరి గుండెలూ అలాగే చప్పుడు చేస్తాయనుకున్నాను. ఆ చప్పుడు వింటేనే నాకు నిద్ర పట్టేది. మెడికల్ కాలేజీలో మొదటిసారి ఒక పేషెంటు గుండెలో అది మళ్ళీ వినిపించింది. వాల్వు చెడితే వచ్చే చప్పుడు ఇది, గుర్తుపెట్టుకోండి అన్నారు మాస్టారు. నేను వార్డులోంచి బయటికి వచ్చేశాను. నన్ను నిద్రపుచ్చింది అమ్మ జబ్బని ఆరోజు తెలిసింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇడాలినా గుండెలో దాని కోసం వెతికాను. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, పక్కకి తిప్పి, ముందూ వెనకా వెతికాను. ఎక్కడా లేదు. లేదని తెలిశాక కూడా ఇంకాసేపు విన్నాను. అమ్మ ముఖం ఉన్న పిల్ల, లోపల ఏ చప్పుడూ లేని గుండె. అమ్మ గుండె ఇలా ఉండాల్సింది కదా అనిపించి ఏడుపు ఆగలేదు. సంతోషంతోనే ఏడ్చాను పెద్దమ్మా, కొంచెం అమ్మ కోసం ఏడ్చాను.

మధ్యాహ్నం అది నిద్రపోయేటప్పుడు ఒకసారి దాని రొమ్ము మీద చెవి పెట్టి విను. స్టెతస్కోపు అక్కర్లేదు. నీకు గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది, ఇంకేమీ వినిపించదు.

నీ చెల్లెలి కూతురు, నీ కూతురు
జునిల్దా